ద్రాక్షతీగ గడప

రోమన్ శిథిలాలు చూడ్డానికి బయల్దేరిన బస్సు దుగ్గా కొండెక్కేసరికి కాలేజీ పిల్లలంతా పాటలతో గోల గోల చేస్తున్నారు. వసీలా మనసు మాత్రం ఇంటి దగ్గరే ఉంది. పొద్దున బయల్దేరుతుంటే, మంచం పట్టిన నాన్నమ్మ హెదియా ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నా బొడ్డుతాడు మా అమ్మ కొండ మీది మా పాత ఇంటి గడప కిందే పాతింది. అక్కడి మట్టి పిడికెడు తే తల్లీ. నా సమాధిలో వెయ్యండి. గడప మీద ద్రాక్షతీగ చెక్కి ఉంటుంది, నువ్వే గుర్తుపడతావు."

ఆ శిథిలాల మధ్యే ఒకప్పుడు ఊరుండేది. రోమన్ల రాళ్ళతోనే ఇళ్ళు కట్టుకుని, మేకల్ని మేపుకుని బతికిన ఊరు. హెదియా చిన్నతనంలోనే, తవ్వకాలకు అడ్డమని అందరినీ కొండ కింది కొత్త ఊరికి తరలించారు. ఇల్లు ఇంకా అక్కడే ఉందని ముసలామె నమ్మకం. లేదని చెప్పే ధైర్యం ఆమె కొడుకులెవరికీ లేకపోయింది.

ఆ ఇల్లుండేదన్న రోమన్ గుడి వెనక వసీలా వెతకని సందు లేదు. ఒక్క ఇంటి ఆనవాలైనా లేదు, ఊడ్చి పెట్టినట్టు ఉత్త రాతి పలకలు. తిరిగొచ్చేటప్పుడు, గేటు పక్కన వరసగా పేర్చిన చెక్కుడు రాళ్ళ దగ్గర చరిత్ర చెప్పే లజ్హర్ మాస్టారు అందరినీ ఆపాడు.

"ఈ ద్రాక్షతీగ చూడండి, ఎంత పనితనమో. మధ్యలో గుంట చూశారా? పల్లెటూరి మొద్దులు దీన్ని గడప చేసుకుని తొక్కి తొక్కి అరగదీశారు."

"వాళ్ళ మేకలు కూడా తొక్కి ఉంటాయి మాస్టారూ," అన్నాడు తోటి కుర్రాడు నిజార్. అందరూ నవ్వారు.

వసీలాకు ఒళ్ళు మండింది. ముందుకెళ్ళి, చెప్పు విడిచి ఆ గుంటలో పాదం పెట్టింది.

"కాలు తియ్యమ్మా, బుద్ధుందా నీకు?" అని కసిరాడు మాస్టారు.

"ఇది మా నాన్నమ్మ వాళ్ళ గడప. ఎక్కడి నుంచి తీశారు మాస్టారూ?"

మాస్టారు గొంతు తగ్గించాడు. "నేను పుట్టకముందు సంగతి. ఎక్కడిదో ఎవరూ రాసిపెట్టలేదమ్మా."

రెండువేల ఏళ్ళ కిందట ఏ వీధిలో ఎవరున్నారో గడగడా చెప్పే మనిషికి, నిన్నగాక మొన్నటి ఇల్లు తెలియలేదు. పైగా తొక్కినందుకు తిట్లొకటి.

బస్సు చక్రం పక్కన మట్టి పిడికెడు తీసి వసీలా రుమాల్లో కట్టుకుంది. సిగ్గుతో, ఎవరి కంటా పడకుండా సంచిలో దాచుకుంది.

ఇంటికొచ్చి ఇస్తే, నాన్నమ్మ మూట విప్పి చూడలేదు. గుండెల మీద పెట్టుకుంది.

"గడప ఉందా?"

"ఉంది. తీగ కూడా అలాగే ఉంది." అంతవరకూ నిజమే.

"మరి తలుపు?"

వసీలా ఆమె దుప్పటి సర్దింది. "వేసే ఉంది నాన్నమ్మా."

"హమ్మయ్య. ఊరు ఖాళీ చేసిన రోజు అందరికంటే ఆఖర్న ఇంట్లోంచి బయటికొచ్చింది నేనే. చిన్నపిల్లని. గొళ్ళెం పెట్టానో లేదోనని ఇన్నేళ్ళూ ఒకటే బెంగ."

ముసలామె హాయిగా కళ్ళు మూసుకుంది. ఆ మూటలోని మట్టే రేపు ఆమె సమాధిలో వేస్తారు. అది ఎక్కడి మట్టో తెలిసింది వసీలా ఒక్కతెకే.