ఎప్పుడు పిలిచినా వస్తారు

నాకు నోటిదూల ఎక్కువని మా అమ్మ మొత్తుకుంటూనే ఉండేది. వింటేగా!

మాది గాజు సీసాల ఫ్యాక్టరీ. కొలిమి దగ్గర మగవాళ్లు, ప్యాకింగులో ఆడవాళ్లు. ఆ ఆడవాళ్లకు నేను సూపర్‌వైజర్ని. నా సొంత చెల్లెలూ వాళ్లలో ఒకతె. ఆర్డర్లు ఆగిపోయి, కొలిమి ఆర్పేయాల్సిన పరిస్థితి వచ్చినప్పుడు యజమాని నన్ను గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించి మరీ అడిగాడు: మీ వాళ్లను కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెడితే, మళ్లీ పిలిచినప్పుడు వస్తారా, ఇంకోచోట చేరిపోతారా అని.

నాకు ఒళ్లు మండింది. నావాళ్లను అంత మాటంటే ఊరుకుంటానా?

"నావాళ్లు అలాంటివాళ్లు కాదు సార్. అర్ధరాత్రి పిలిచినా పరిగెత్తుకొస్తారు" అన్నాను.

అంతటితో ఆగానా? కొలిమివాళ్లను మాత్రం నమ్మడానికి లేదని, పక్క ఫ్యాక్టరీవాడు సైగ చేస్తే చాలు చెక్కేస్తారని కూడా వడ్డించాను. ఆయన సరేనన్నాడు. నేను రాణీగారిలా బయటికొచ్చాను.

మర్నాడు తెలిసింది. బ్యాంకులో దాచిన డబ్బులోంచి కొలిమివాళ్లకు పని లేకపోయినా పూర్తి జీతం ఇస్తారట. ప్యాకింగువాళ్లకు పైసా లేదు.

వెళ్లి నిలదీశాను. ఆయన విసుక్కోలేదు. ఉన్నది అందరికీ పంచితే నాలుగునాళ్లలో ఆవిరైపోతుందట. పోయేవాళ్లను ఆపుకోవడానికే దాన్ని వాడాలట.

"మీవాళ్లు ఎక్కడికీ పోరని నువ్వే చెప్పావు కదమ్మా."

"గొప్పకి చెప్పాను సార్. పోతారు."

"ఎక్కడికి?"

ఇంతా చేసి నా జీతం ఆపలేదు. వాళ్లను తిరిగి పిలవడానికి నేనుండాలట. వద్దనలేకపోయాను. చేతులారా వాళ్ల నోట్లో మట్టి కొట్టి, నా ముద్ద నేను దక్కించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

గేటు దగ్గర నావాళ్లంతా నా కోసమే ఆగి ఉన్నారు. ముందు నా చెల్లెలు. మా మరిదికి ఎప్పటినుంచో పని లేదు, ఇల్లు దాని జీతంతోనే నడుస్తోంది. దాచకుండా అంతా చెప్పేశాను, నా జీతం సంగతితో సహా. దులిపేస్తుందనుకున్నాను. దులిపేసినా బాగుండేది.

"ఎక్కడ దొరికితే అక్కడ చేరిపోవే. రేపు నేను పిలిచినా రాకు" అన్నాను.

అది నా చెయ్యి పట్టుకుంది.

"అదేం మాటక్కా? ఆయన ముందు నీ మాట పోనిస్తామా?"

వెనకున్నవాళ్లంతా అవునన్నట్టు తలలూపారు.