ముప్పై తర్వాత చుక్క

డబ్బా సముద్రంలో ఉందని మోహనకృష్ణ తేల్చేశాడు. కళింగపట్నానికి కాస్త ఇవతల, ఇసుకలో నిలబడి, ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అలల మీదుగా వేలు చాపాడు.

"అదిగో వదినా, ఇంకో కిలోమీటరు ఈదితే దొరికేస్తాది."

ఈశ్వరి భర్త రమేష్‌బాబు కారుకు ఆనుకుని పడీ పడీ నవ్వాడు. ఈశ్వరి మాత్రం చేతిలోని చీటీ వైపే చూస్తూ ఉండిపోయింది. చీటీ మీద ఇంగ్లీషులో రెండు వరసలు. ఉత్తరానికి 18 30.402. తూర్పుకి 084 09.612. అంతే.

ఆ అంకెలు ఆమెకు దొరికినవి దసరా సెలవుల్లో. కూతురు భరణి ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుతోంది. సెలవులకి ఇంటికొస్తూ జియోక్యాషింగ్ అని ఒక ఆట నేర్చుకొచ్చింది. ఎవరో ఎక్కడో చిన్న డబ్బా దాస్తారు. అది ఉన్న చోటు అంకెల్లో చెప్తారు. వెతికి పట్టుకున్నవాళ్లు లోపలి కాగితం మీద పేరు రాసి, డబ్బాని మళ్లీ అక్కడే పెట్టి రావాలి. తల్లీకూతుళ్లు శ్రీకాకుళంలో నాగావళి రేవులో, ఒక రాయి కింద మొదటి డబ్బా పట్టుకున్నారు. రెండోది ఎక్కడుందో చెప్పే కాగితం అందులోనే ఉంది. ఈశ్వరి ఆ అంకెలు ఒక చీటీ మీద రాసుకుంది. ఈలోగా సెలవులైపోయి భరణి పరీక్షలకి వెళ్లిపోయింది.

"నేను సూస్తాను గదా వదినా, అంకెల గొడవ నీకెందుకు?" అని మరిది చీటీ లాక్కున్నాడు. అతను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. ఈశ్వరి పదో తరగతి లెక్కల్లో తప్పింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఉప్పులాంటిది, ఏ మాటలోనైనా ఎవరో ఒకరు చిటికెడు వేస్తారు. 18.30402 అని, 84.09612 అని అతనే ఫోన్లో కొట్టాడు. ఫోను తిన్నగా సముద్రం చూపించింది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో, డబ్బా సంగతి వదిలెయ్యమని తీర్పు కూడా చెప్పేశాడు. "ఎవుడో ఆకతాయి రాసినాడు. ఒగ్గీ వదినా."

"నేనొగ్గను," అంది ఈశ్వరి.

"మరేటి సేస్తావు?"

"ఆ రాసినోడు తప్పో, మనం సదివింది తప్పో తేలనీ. అందాకా ఒగ్గను."

కోటబొమ్మాళి బజార్లో వాళ్లది ఇనుప సామాన్ల కొట్టు. మర్నాటికల్లా కొట్టుకొచ్చే వాళ్లందరికీ సంగతి తెలిసిపోయింది. మేకులకొచ్చినవాడు, "ఏటమ్మా, వల గావాలా?" అన్నాడు. గొళ్లెం కొనడానికొచ్చిన కూర్మమ్మ పక్కింటి మనిషే అయినా, "ఈ వయసులో డబ్బాలాటేటి, మానీ," అని మందలించింది. ఈశ్వరి అందరికీ సామాన్లు తూచి ఇచ్చింది.

భరణికి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో చెప్పేసేది. చెయ్యలేదు. పిల్లకి పరీక్షలన్నది ఒక కారణం. అసలు కారణం వేరు. ఈ ముడి తన చేత్తో విప్పకపోతే ఆ ఉప్పు తన కూడులోంచి ఎప్పటికీ పోదని ఆమెకి తెలుసు.

మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక ఫోన్ ముందేసుకుని కూర్చునేది. ఆట యాప్‌లో ఉన్న డబ్బాల చిట్టా తీసి ఒక్కొక్కటీ చూసేది. మొదట 18 డిగ్రీలో, 17 డిగ్రీలో ఉంటుంది. పక్కన ఇంకో అంకె, దాని తర్వాత చుక్క, చుక్క తర్వాత మూడంకెలు. తమ చీటీలో చుక్క ముప్పై తర్వాత ఉంది. మోహనకృష్ణ దాన్ని పద్దెనిమిది తర్వాతికి జరిపేశాడు. ఆ మాట మొదటి రోజే పట్టుకుంది గాని, జరిపితే ఏమవుతుందో తెలియలేదు.

మూడో రోజు నాగావళి డబ్బా గుర్తొచ్చింది. ఆ చోటు తన కళ్లతో చూసింది, తన కాళ్లతో నిలబడింది. మ్యాపులో ఆ రేవు వెతికి, వేలితో నొక్కి పట్టుకుంది. 18.2925 అని వచ్చింది. ఆటలో అదే డబ్బాకి 18 డిగ్రీల 17.553 అని ఉంది. ఒకే రేవు, ఒకే రాయి, రాత మాత్రం రెండు రకాలు. అంటే ఎవరూ అబద్ధం చెప్పలేదన్నమాట.

పదిహేడు ఇరవైతొమ్మిది ఎలా అయింది? రోజుల తరబడి కూడింది, తీసేసింది. కుదర్లేదు. ఏడో రోజు మళ్లీ చిట్టా తీసి, డిగ్రీ పక్కనున్న అంకెలన్నీ వరసగా ఒక అట్టముక్క మీద రాసుకుంది. యాభైనాలుగు, పన్నెండు, నలభైఒకటి, యాభైతొమ్మిది. నలభైకి పైగా రాసింది. ఒక్కటీ అరవై దాటలేదు.

అరవై దాటనిది ఈ లోకంలో ఏముంది? గంటలో నిమిషాలు! గంటన్నరంటే ఒకటీ ముప్పై అంటాం, దాన్నే లెక్కలో వేస్తే ఒకటిన్నర, ఒకటి పాయింటు అయిదు. డిగ్రీకీ అరవై నిమిషాలే. కొట్టులోని లెక్కల మెషీన్ మీద పదిహేడు పాయింటు అయిదు అయిదు మూడుని అరవైతో భాగించింది. 0.29255. రేవు దొరికింది.

చీటీలోని 30.402ని కూడా అరవైతో భాగించింది. 0.5067. 09.612ని భాగించింది. 0.1602. మ్యాపులో 18.5067, 84.1602 కొట్టింది. చుక్క సముద్రంలో పడలేదు. కొట్టుకి రెండున్నర కిలోమీటర్ల దూరంలో, పంట కాలవ తూము దగ్గర పడింది.

మర్నాడు పొద్దున్నే స్కూటీ తీసింది. కాలవ గట్టు మీద దిగి నడుస్తుంటే వరి మడిలోంచి దాలమ్మ అనే ముసలి రైతు లేచి నిలబడింది.

"ఎవులమ్మా నువ్వు? కొలతలోల్ల మనిసివా? నా గట్టు జరిపితే ఊరుకోను!"

"కొలతలూ నేవు, గట్టు జరపడమూ నేదమ్మా. తూము కాడ ఎవులో డబ్బా దాసినారు, ఎతుకుతన్నాను."

"నా బతుకంతా ఈ తూము కాడే. డబ్బా నేదు, గిబ్బా నేదు. ఎల్లు."

అప్పుడే ఫోన్ మోగింది. రమేష్‌బాబు.

"ఎక్కడున్నావు? కొట్టు తియ్యాల. జనం నవ్వుతన్నారు, వచ్చీ."

"నవ్వనీ. నువ్వు తీసుకో కొట్టు. డబ్బా దొరికితేనే వస్తాను," అని పెట్టేసింది.

తూము చుట్టూ ముప్పావు గంట వెతికింది. చీర అంచు బురదైంది. రాయి గీసుకుని మోచెయ్యి చీరింది. దాలమ్మ గట్టు మీదే కూర్చుని కాపలా కాసింది. చివరికి తనే లేచొచ్చి, "ఆ పగుల్లో సూడు, నా సెయ్యి దూరదు," అంది.

రాతి పగులు లోపల, ఎండిన గడ్డి వెనక, చల్లగా ఏదో తగిలింది. బొటనవేలంత స్టీలు గొట్టం. మూత విప్పితే చుట్టిన కాగితం. దాని మీద రెండే పేర్లున్నాయి. మూడోది ఈశ్వరి రాసింది. ఫలానావారి భార్యనని గాని, ఫలానా కొట్టు అని గాని రాయలేదు. ఈశ్వరి, కోటబొమ్మాళి. అంతే.

"నా తూములోన ఇన్నాల్లు ఉన్నాదా!" అని దాలమ్మ నోరు నొక్కుకుంది.

సాయంత్రం కొట్టు దగ్గర, ఆ కాగితానికి ఈశ్వరి తీసిన ఫొటో చూసి మోహనకృష్ణ పెదవి విరిచాడు. "ఏదో గుడ్డెద్దు సేలో పడ్డట్టు పడ్డావులే వదినా."

తర్వాతి రెండు రోజుల్లో ఈశ్వరి, నిమిషాన్ని మళ్లీ అరవై చేస్తే సెకన్లని, చుక్కకి బదులు సెకన్లలో రాసే మూడో పద్ధతి కూడా ఉందని తెలుసుకుంది. ఒక పాత బోల్టుల డబ్బా కడిగి, అందులో కాగితం పెట్టి, ఊరి చుట్టుపక్కలే ఒక చోట దాచింది. ఆ చోటుని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లుగా విడదీసి చీటీ మీద రాసి, కొట్టు నిండా జనం ఉన్నప్పుడు మరిది చేతిలో పెట్టింది.

"తెచ్చి సూపించు. గుడ్డెద్దుకి దొరికినాది గదా, నీకు దొరకదేటి?"

మోహనకృష్ణ చీటీని చూశాడు. ఫోన్లో ఏదో కొట్టాడు, చెరిపాడు, మళ్లీ కొట్టాడు. మేకులకొచ్చినవాడు అతని భుజం మీంచి తొంగి చూశాడు. రమేష్‌బాబు ఈసారి నవ్వు తమ్ముడి మీదకి తిప్పాడు.

"వదినా," అన్నాడు మోహనకృష్ణ గొంతు తగ్గించి, "ఈ ఆఖరి అంకె ఏటి సెయ్యాల? సెప్పు."

ఈశ్వరి కూర్మమ్మకి కావలసిన తలుపు బందులు కాగితంలో చుట్టింది.

"సెప్పను," అంది. "నాకు ఏడు రోజులు పట్టినాది. నువ్వు సదువుకున్నోడివి, నాలుగు రోజులు సాల్తాది."