పైడితల్లి వంతు

నేను ఒక చిన్న ప్రోగ్రామును. పైథాన్ భాషలో రాసిన నాలుగు ముక్కలు, అంతే. విజయనగరంలోని ఒక కంటి ఆసుపత్రిలో పనిచేసే వసుంధర, ఒక చేత్తో ఉప్మా తింటూ రెండో చేత్తో నన్ను పుట్టించింది. కార్నియా కోసం పేరు రాయించుకున్నవాళ్లను తేదీల ప్రకారం వరుసలో నిలబెట్టడమే నా పని. దానంగా కన్ను రాగానే వరుసలో మొదటివారికి పిలుపు వెళ్తుంది. ఎంత పెద్దమనిషి సిఫారసు చేసినా నాకు చెవులు లేవు కాబట్టి వినపడదు. ఆ సంగతి చెప్పుకుని వసుంధర మురిసిపోయేది.

ఒకరోజు జూట్ మిల్లులో పనిచేసే పైడితల్లి కూతురి భుజం పట్టుకుని వచ్చింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదీ మసకబారింది. మిల్లులో తెగిన దారం కనపడక, తడిమి ముడివేస్తోంది. ఆ మసక ఇంకాస్త ముదిరితే మిల్లులో పని పోతుంది.

"ఏటమ్మా, నా ఎనకాల ఒచ్చినోల్లు కల్లు పెట్టించుకుని ఎల్లిపోనారు. మా మిల్లోల్లకి ఒక్కరికీ పిలుపు రానేదేటి?"

వంతు వస్తుందిలే అని పంపేయడం ఎంత తేలిక! వసుంధర అలా పంపలేదు. అందుకే ఆమె అంటే నాకంత గౌరవం. మిల్లు వాళ్లంతా ఏ రోజున వచ్చారని అడిగింది.

"నెలాఖర్నే గదమ్మా మాకు సెలవు. ఒస్తే అప్పుడే ఒస్తాం."

వసుంధర వెంటనే నన్ను తెరిచి చూసింది. మనవాళ్లు తేదీలో రోజును ముందు రాస్తారు. నన్నేమో ఎడమవైపు నుంచి ఒక్కో అంకె పోల్చుకుంటూ పొమ్మంది. నేను అలాగే పోయాను; ముప్పై ఒకటి కంటే రెండు చిన్నది కదా. జనవరి ముప్పై ఒకటిన వచ్చిన పైడితల్లి ముందు, జూన్ రెండున వచ్చినవాళ్లను నిలబెట్టాను. నెలా సంవత్సరమూ చూడమని నాకెవరు చెప్పారు గనుక?

అక్కడికక్కడే నన్ను దిద్దింది. ముందు సంవత్సరం, తరువాత నెల, చివర రోజు. పైడితల్లి పేరు మొదటికి వచ్చింది.

"తప్పు నాదేనమ్మా. నీ వంతు ఎప్పుడో దాటిపోయింది" అంది వసుంధర, తల దించుకుని.

"అయితే మా మిల్లు సూరప్పడు కూడా నాలాగే ఆగిపోనాడేటి? ఆడి పేరూ సూడు తల్లీ" అంది పైడితల్లి.

ఇప్పుడు ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నేను స్టోర్ రూములో, పాత కంప్యూటర్‌లో పడి ఉన్నాను. దిగులేమీ లేదు. ఆపరేషన్ అయి కట్టు విప్పాక పైడితల్లి నన్ను చూడడానికి వచ్చిన రోజు నాకు చాలు. తెర మీదికి వంగి తన పేరేదని అడిగింది. కన్ను వచ్చింది కాబట్టి తీసేశామంది వసుంధర.

"మరి మొదట ఎవులున్నారు?"

"సూరప్పడు. అతనికి దానంగా కన్ను కూడా వచ్చింది, ఇప్పుడే కబురు పంపాలి."

"ఉండమ్మా, నానెల్లి సెప్పొస్తాను" అని పైడితల్లి లేచింది. కూతురు భుజం అందించింది. ఆమె అది పట్టుకోకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది.