అరిగిన దవడపళ్ళు

కట్టుడు పళ్ళసెట్టును దీపం కిందికి తెచ్చి బొటనవేలితో తిరగేశాడు పళ్ళాయన. ముందు వరసలో ఒక పన్ను ఊడింది. ఊడిన పన్ను విడిగా కాగితం పొట్లంలో ఉంది. అరగంట పని. కానీ అతని చూపు అక్కడ ఆగకుండా దవడపళ్ళ మీదికి జారి నిలిచిపోయింది.

దంతవైద్యుడి గది వెనక, కిటికీ లేని ఈ గదిలో పళ్ళసెట్లు కడుతూ అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు గడిచాయి. ప్లాస్టర్ పొడి కనుబొమల మీదా, చెవి మడతల్లోనూ స్థిరపడిపోయింది. రోగుల మొహాలు అతను చూడడు. వాళ్ళ నోటి అచ్చులే లోపలికొస్తాయి. అందుకే బజారులో ఎదురైనవాడు నవ్వితే తప్ప పోల్చుకోలేడు. నవ్వాడంటే ఆ సెట్టు ఏ ఏడాది కట్టిందో కూడా చెప్పేస్తాడు. పెళ్ళి మాట వాయిదా వేస్తూ పోయాడు. చివరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. బావ పోయాక అక్క వచ్చి ఉంటోంది. ఏదో ఆఫీసులో టైపు కొట్టి కొట్టి రిటైరైన మనిషి.

ఎదురుగా కుర్చీ అంచున, తెల్లబట్టలు నలక్కుండా శిష్యుడు కూర్చున్నాడు. ఈ గది గాలి తన స్థాయికి తగదన్నట్టు ముక్కు దగ్గర రుమాలు.

"గురువుగారివి. మాట బయటికి పొక్కకూడదు."

"పళ్ళు మాట్లాడవులెండి."

"రేపు సాయంత్రం ఉపన్యాసం. పన్ను లేక మాట జారుతోంది. తినడానికేం కాదు, పన్నెండేళ్ళుగా ఆయన ఏమీ తినడం లేదని మీరూ వినే ఉంటారు. మాట కోసం, నవ్వు కోసం."

"వినకేం, మా ఇంట్లో రోజూ అదే పాట."

ఈ సెట్టు మూడేళ్ళ కిందట ఈ చేతులే చేశాయి. దవడపళ్ళ మీద ఎత్తుపల్లాలు తీర్చి పంపాడు. ఇప్పుడవి జనం ఎక్కి దిగిన రాతిమెట్టులా నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"నవ్వితే దవడపళ్ళు అరుగుతాయా బాబూ?"

రుమాలు కిందికి దిగింది. శిష్యుడు, "అయితే అవి కూడా కొత్తవి పెట్టేయండి," అన్నాడు. ఆ మాటతో ఏం ఒప్పేసుకున్నాడో అతనికే తెలియలేదు. ఇన్నేళ్ళ సాధన చేసీ అబద్ధమాడడమన్నా సరిగ్గా అబ్బలేదు పాపం.

"పొద్దున్నే వచ్చి పట్టుకెళ్ళండి," అన్నాడు పళ్ళాయన.

శిష్యుడు వెళ్తూ బల్ల మీద ఒక కరపత్రం పెట్టాడు. కోతి, వంగిన మనిషి, నిటారు మనిషి, ఆ చివర వెలుగు ముద్దలో గురువుగారి మొహం. కింద పెద్ద అక్షరాలు: పరిణామం ఆగలేదు, ఆకలిని దాటినవాడే రేపటి మనిషి.

పళ్ళాయనకి నవ్వు రాబోయి కోపం వచ్చింది. దవడ అంగుళం తగ్గడానికి ఎన్ని లక్షల ఏళ్ళు పట్టిందో అతను చదువుకున్నాడు. తాతకి మొలిచిన జ్ఞానదంతం మనవడికి మొలవని ఇళ్ళు అతని అచ్చుల్లోనే ఉన్నాయి. దానికోసం ఎవడూ దీక్ష పట్టలేదు. తిన్నారు, నమిలారు, పిల్లల నోట్లో ఇంత పెట్టారు, పోయారు. లెక్కలేనంతమంది అలా బతికి పోతే శరీరం వెంట్రుకవాసి మారింది. అందులో ఎవరూ దేన్నీ దాటలేదు. ఈ పెద్దమనిషి మాత్రం ఒక్క జన్మలో ఒంటిమీంచి గంతేసి అవతల పడతాడట. గంతేసే ముందు సుష్టుగా భోంచేసి మరీ.

ఇంట్లో అక్క ఆ గురువుగారి మాట నమ్మి ఇరవై ఆరు రోజులుగా గోరువెచ్చని నీళ్ళ మీద ఉంది. డాక్టర్ని తీసుకొస్తే గోడవైపు తిరిగి పడుకుంది. ఆసుపత్రికి మోసుకెళ్తే దారిలోనే పోతానంది. ఆమె చేత తినిపించడానికి పళ్ళాయన దగ్గర మాటలన్నీ అయిపోయాయి. ఇప్పుడు చేతికి ఒక వస్తువు దొరికింది.

ముందు పన్ను అతికించాడు. దవడపళ్ళ జోలికి పోలేదు. సెట్టును గుడ్డలో చుట్టి జేబులో వేసుకుని, మధ్యాహ్నం సెలవు పెట్టి, దారిలో రొట్టె కొనుక్కుని ఇంటికి వెళ్ళాడు.

అక్క మంచానికి అతుక్కుపోయి ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే తెలియడం లేదు. గొంతు మాత్రం ఇంకా అక్కదే.

"ఏంట్రా, ఇప్పుడు ఊడిపడ్డావు?"

"మీ గురువుగారి పళ్ళు తెచ్చాను, చూడు."

"ఛీ వెధవా! ఎంగిలివి."

"ఎంగిలే. అది చెబుదామనే వచ్చాను."

ఆమె సెట్టు అందుకుని, వేలితో దవడపళ్ళు తడిమింది. ఎవరు ఏ పక్క నములుతారో తమ్ముడు రోజూ చెబుతుంటే విని విని ఆమెకీ ఆ విద్య పట్టుబడింది.

"కుడిపక్క నములుతాడన్నమాట," అంది చివరికి.

"ఊఁ."

"తినేవి గట్టివే."

"బాగా గట్టివి."

"అయితే నేనే పిచ్చిదాన్ని."

"నువ్వు నిజంగా మానేశావు. ఆయన మానలేదు. ఆయనకంటే పైనే ఉన్నావులే, ఇక దిగు."

"ఆయన దాటకపోతే ఇంకెవరూ దాటకూడదేంట్రా?"

"దాటి ఎక్కడికెళ్తావక్కా? ఇక్కడ నేనొక్కణ్ణే ఉంటాను."

అక్క సెట్టును దుప్పటి మీద వదిలేసి, తమ్ముడి మొహం చూసింది.

"ఇంట్లో ఏమన్నా ఉందా?"

అతను గబగబా రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టి ఆమె చేతికి అందేట్టు ఉంచాడు. వీపు వెనక దిండు సర్దాడు.

"నిలబడి నోట్లోకి చూడకు. నాకు సిగ్గు. వెళ్ళి పాలు వెచ్చబెట్టు."

వంటగదిలో పాలు పొంగకుండా దించాడు. ఎంత చల్లారితే ఆమె గొంతు ఓర్చుకుంటుందో తెలియక చిటికెనవేలు ముంచి చూశాడు, మళ్ళీ చూశాడు. రేపు పొద్దున్న శిష్యుడితో ఏమనాలో మనసులో నాలుగు రకాలుగా అనుకున్నాడు. అన్నీ బూతులే. అన్నీ బాగున్నాయి.

గ్లాసు పట్టుకుని వచ్చేసరికి అక్క గుమ్మంవైపు తిరిగి కళ్ళు మూసుకుని ఉంది. పెదవి మూల ఒక రొట్టె పలుకు.

"అక్కా," అన్నాడు. రెండోసారి అనలేదు. గ్లాసు కింద పెట్టి, ముక్కు దగ్గర వేళ్ళు ఉంచి, అలాగే కూర్చున్నాడు.

కబురు తెలిస్తే తెల్లబట్టలవాళ్ళు వస్తారు. ఆమె దాటేసిందంటారు. కరపత్రంలో వేసుకోవడానికి ఫొటో అడుగుతారు.

మంచం పక్కన పళ్ళెంలో రొట్టె ముక్క ఉంది. దాని అంచున నాలుగు పైపళ్ళ గుర్తులు, అచ్చు తీసినంత స్పష్టంగా.