బ్రేకు పట్టీ

నేను ఒక కోత మిషన్ని. పెట్రోలు తాగుతాను, చెట్లు కోస్తాను. నా ఒంటి మీద కంపెనీవాళ్లు అచ్చేసిన పేరు వేరే ఉంది గాని, దాన్ని సరిగ్గా పలికినవాణ్ణి ఉద్దానంలో ఇంతవరకూ చూడలేదు. కోత మిషన్ అంటే చాలు, అందరికీ నేనే.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. అక్కడ ఒకావిడ నన్ను బిగించి, తాడు లాగి, నేను పలికిన తీరు చెవొగ్గి విని, తలాడించి పెట్టెలో పెట్టింది. నాతోపాటు జాగ్రత్తల పుస్తకం ఒకటి పెట్టారు. అందులో ఎన్నో భాషలున్నాయి, తెలుగు లేదు. మనుషుల సంగతి అలాగే ఉంటుంది. ప్రాణం తీయగల వస్తువుని లోకమంతా పంపుతారు, జాగ్రత్తల్ని మాత్రం కొందరికే పంపుతారు.

ఆ లోటు తీర్చినవాడు నీలకంఠ పాత్రో. కాశీబుగ్గలో ఆయన కొట్టు ఉండేది. ఆ చుట్టుపక్కల మా కంపెనీకి డీలరు ఆయనొక్కడే. ముక్కు మీదకి జారిన కళ్లజోడు, ఎప్పుడూ నూనె మరకలుండే చొక్కా. బేరం చేసేటప్పుడు మెత్తగా ఉండేవాడు, మిషన్ చేతికిచ్చేటప్పుడు మాత్రం మొండివాడు.

ఆ ఏడాది పెద్ద తుఫాను వచ్చి ఉద్దానాన్ని నేలకూల్చింది. కొబ్బరితోటలు తోటలుగా పడుకుండిపోయాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కూర్మారావు నా దగ్గరికి వచ్చింది అప్పుడే. అతనిది కొబ్బరికాయలు దింపే పని. ఎక్కడానికి చెట్టు మిగల్లేదు కాబట్టి పడ్డవాటిని కోసి బతుకుదామనుకున్నాడు. భార్య దమయంతిని వెంటబెట్టుకుని వచ్చాడు.

పాత్రో నన్ను పెట్టెలోంచి తీసి, కొట్టు వెనక పెరట్లో ఒక దుంగ మీద పెట్టి, ముందువైపున్న గార్డుని చూపించాడు.

"ఇది బ్రేకు. చైను తిరిగే ఈ బద్ద కొస దేనికైనా తగిలిందంటే మిషన్ ఎగిరి నీ మొహం మీదకొస్తుంది. అప్పుడు నీ మణికట్టు ఈ గార్డుకి తగలాలి, లోపల పట్టీ బిగుసుకోవాలి, చైను ఠక్కున ఆగాలి. రెప్పపాటు పని. ఆగిందా, ఇంటికెళ్తావు."

కూర్మారావు నవ్వాడు. "కొబ్బరిసెట్టు మీంచి జారి లేసినోణ్ణి బాబూ. నన్నీ మిషనేటి సేత్తాది?"

పాత్రో నన్ను తీసి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. "అయితే నీకమ్మను."

దమయంతి మొగుడి వైపు కళ్లురిమింది. "నవ్వులాటలాపి నేర్సుకోయ్యా. బాబు సెప్పేది నీ మంచికే గదా."

ఆ రోజు సాయంత్రం దాకా పాత్రో అతని చేత దుంగలు కోయించాడు. కాళ్లు ఎలా పెట్టాలో, భుజం ఎక్కడుండాలో, గార్డుని తోసి బ్రేకు పడుతోందో లేదో పొద్దున్నే ఎలా చూసుకోవాలో చెప్పి, తిరిగి చెప్పించి, చేయించి, అప్పుడు పంపాడు.

ఆ తర్వాత కూర్మారావూ నేనూ తిరగని తోట లేదు. మందస నుంచి సోంపేట దాకా, పడ్డ చెట్టుకీ ఎండిన మానుకీ మమ్మల్నే పిలిచేవారు. బావమరిది లింగరాజు కొమ్మలు లాగేవాడు, ఇతను కోసేవాడు. "కూర్మారావు మిషన్ ఒక్క లాగుడికి లేత్తాది" అని పేరు పడింది. ఆ ఒక్క లాగుడి వెనక పాత్రో చేతులున్నాయని ఎవరికీ తోచలేదు. గాలి వడపోసే జల్లెడ నల్లబడితే తిట్టేవాడు ఆయన. తోట మధ్యలో నేను ఆగిపోయానని ఫోను చేస్తే ప్లగ్గు జేబులో వేసుకుని మోపెడ్ మీద ఇసక దారిలో పడుతూ లేస్తూ వచ్చేవాడు.

ఒకసారి నాలోని బ్రేకు పట్టీ అరిగిందని నన్ను కొట్లోనే ఉంచేశాడు.

"పని మజ్జిలో ఉన్నాది బాబూ," అని బతిమాలాడు కూర్మారావు. "ఈ ఒక్క తోటా కానిచ్చి తెత్తాను."

"కొత్త పట్టీ వచ్చేదాకా ఇది గడప దాటదు. నా మిషన్ పట్టుకెళ్లు, దాంతో కానిచ్చుకో," అంటూ పాత్రో తన సొంత మిషన్ ఇచ్చి పంపాడు. దారిలో కూర్మారావు ఆయన్ని తిట్టుకునే ఉంటాడు. తిట్టుకుంటూనే పని ముగించి, మిషన్ తుడిచి తెచ్చిచ్చాడు.

ఇంతలో ఒకనాడు కంపెనీ నుంచి ఇస్త్రీ చొక్కా మనిషి ఒకాయన దిగాడు. చిన్న ఊళ్లలో కొట్లు గిట్టుబాటు కావట్లేదని, ఇకనుంచి అంతా విశాఖపట్నంలో పెద్ద షోరూములోనే అని చెప్పాడు. అక్కడ ఏసీ ఉంటుందట. కూర్చోడానికి సోఫాలుంటాయట. పాత్రో ఒక్కటే అడిగాడు, "మందసలో మిషన్ ఆగిపోతే సోఫా వస్తుందా?" వచ్చినాయన నవ్వి, ఫోన్ నంబరున్న కాగితం ఒకటి గోడకి అంటించి పోయాడు. నెల తిరక్కుండా కొట్టు మీది బోర్డు దిగింది. ఆ కొట్లో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. పాత్రో బజారులోకి రావడం మానేశాడు.

పట్టీ మళ్లీ అరిగింది. పొద్దున గార్డు తోసి చూసుకునే అలవాటు కూర్మారావుకి పోలేదు. ఆ రోజు గార్డు తోశాక చైను ఠక్కున ఆగలేదు, జారుతూ జారుతూ నిలబడింది. అతను నన్ను కింద పెట్టేసి కంపెనీవాళ్ల నంబరుకి ఫోన్ చేశాడు. హిందీలో ఏదో పాట వచ్చింది. చాలాసేపటికి ఒకమ్మాయి పలికి, స్టాకు లేదని, వచ్చాక మెసేజ్ పెడతామని చెప్పింది. మెసేజ్ రాలేదు. నన్ను గోనెసంచిలో చుట్టి, పాసింజరెక్కి విశాఖ తీసుకెళ్లాడు. సోఫాలు నిజంగానే ఉన్నాయి. కౌంటరు దగ్గర కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు, నన్ను అక్కడ పెట్టి వెళ్లమన్నాడు.

"అందాకా పనికి ఇంకో మిషనేదైనా ఇత్తారా బాబూ?" అనడిగాడు కూర్మారావు.

ఆ ప్రశ్న కుర్రాడికి అర్థం కాలేదు. అలాంటి పద్ధతి ఉంటుందని అతను ఎన్నడూ వినలేదు.

కొన్ని వారాలు అక్కడే ఒక అరలో పడున్నాను. నా పక్కన అలాంటివే చాలా ఉన్నాయి, ఒక్కోదాని మెడకీ ఒక చీటీ. ఈలోగా ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమైంది. ఒప్పుకున్న తోటలు చేజారడం మొదలైంది. చివరికి కూర్మారావు మళ్లీ రైలెక్కి వచ్చి, బాగుచేయని నన్ను అలాగే తీసుకుపోయాడు.

"పాత్రో బాబునొకసారడగరాదా?" అంది దమయంతి.

"కొట్టు పోయినాక ఆయన మొకం సూపించనేక ఇంట్లోనే ఉంటన్నాడంట. మళ్లీ మిషన్ పట్టుకెళ్లి ఆయన్ని బాదెట్టడమెందుకు?" అన్నాడు కూర్మారావు.

బస్టాండు దగ్గర తులసీదాసు అనే అతనికి సామాన్ల కొట్టుంది. మేకులు, తాళ్లు, పంపు సామాన్లు, వాటి మధ్య కొత్తగా కోత మిషన్ల పట్టీలూ పెట్టాడు. తళతళలాడుతున్నాయి. "అచ్చం కంపెనీదేనయ్యా, పేరొక్కటే తేడా. అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు," అన్నాడు. లింగరాజు దాన్ని నాలో బిగించాడు. గార్డు తోస్తే చైను ఠక్కున ఆగింది. బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

నాకు మాత్రం తెలుస్తూనే ఉంది. ఆ రేకు పల్చన. వేడెక్కితే ఒకలా, చల్లారితే ఒకలా పట్టేది. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న నోరు కోయడానికే.

మందస దగ్గర పాత జీడితోట. ఎండిన మాను ఒకటి పడి, దాని కొమ్మలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. మధ్యాహ్నం అన్నాలు తిని మళ్లీ మొదలెట్టారు. కూర్మారావు కాళ్లు సరిగ్గానే పెట్టాడు. భుజం ఉండాల్సిన చోటే ఉంది. ఆకుల వెనక ఒక కొమ్మ ఉంది, అది అతనికి కనబడలేదు. నా కొస దానికి తగిలింది. నేను ఎగిరాను. అతని మణికట్టు గార్డుకి తగిలింది, గార్డు ముందుకి పడింది, పట్టీ బిగుసుకుంది. బిగుసుకుని, తెగింది.

చైను ఆగలేదు.

లింగరాజు కేక పెట్టి పరుగెత్తుకొచ్చాడు. మెడ దగ్గర నుంచి రొమ్ము దాకా రక్తం. నేను పక్కన నేల మీద పడి ఇంకా గురగురలాడుతున్నాను. కూర్మారావు చెయ్యి నా వైపు చూపించాడు. "ముందు అదాపరా లింగా," అన్నాడు. లింగరాజు నన్ను ఆపి, తువ్వాలు గాయానికి అదిమిపట్టి, తోట బయట కనబడ్డ ఆటోలో పడుకోబెట్టాడు. పెద్దాసుపత్రి దాకా వెళ్లనే లేదు. దారిలోనే అంతా అయిపోయింది.

నన్ను ఇంటి వెనక పడేశారు. పలకరించడానికి వచ్చినవాళ్లు దూరం నుంచి నన్ను వేలుపెట్టి చూపించుకునేవారు. "అదేనంట మింగేసినాది." కొందరు సముద్రంలో పారేయమన్నారు. సోంపేట నుంచి ఒకాయన కొనుక్కుంటానని వచ్చాడు. అదీ మనుషుల తీరే. ఒకరికి పిశాచమైనది ఇంకొకరికి బేరం.

"ఇచ్చీవే అక్కా," అన్నాడు లింగరాజు. "దీన్ని సూత్తా ఉండనేకపోతన్నాను."

"ఆగాలని గదా బాబు సెప్పినాడు. పొద్దున్నే తోసి సూసుకుని మరీ ఎల్లినాడు గదా. అదెందుకాగనేదో తెలిసేదాకా నానెవులికీ ఇవ్వను," అంది దమయంతి.

దినాలు అయిపోయాక నన్ను అదే గోనెసంచిలో వేసుకుని పాత్రో ఇంటికి వచ్చింది. ఆయన అరుగు మీద పాత పేపరు చదువుతున్నాడు. జరిగింది ఆయన చెవిన పడలేదు. ఆమె నోటి నుంచే విన్నాడు. తర్వాత లోపలికెళ్లి పనిముట్ల డబ్బా తెచ్చాడు. నా పక్క మూత విప్పగానే పట్టీ రెండు ముక్కలై ఆయన అరచేతిలో పడింది.

"ఇది కంపెనీది కాదమ్మా."

"బస్టాండులో కొన్నాడు. ఇసాకలో దొరకనేదు."

"నా దగ్గరికి రావాల్సింది."

"మిమ్మల్ని బాదెట్టడమెందుకన్నాడు బాబూ."

పాత్రో కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. దమయంతి ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"నిజం సెప్పండి. మీ కొట్టుంటే ఆడు బతికుండునా?"

ఊరట కలిగించే మాటలు లోకంలో చాలానే ఉన్నాయి. నుదుటి రాత అనొచ్చు, కాలం మూడింది అనొచ్చు. ఇన్ని రోజులుగా అందరూ ఆమెకి అవే చెప్పారు. పాత్రో అవేవీ అనలేదు.

"బతికుండేవాడమ్మా. పట్టీ అరిగిందంటే నేను మార్చేవాణ్ణి. దొరక్కపోతే మిషన్ ఇచ్చేవాణ్ణి కాదు. నన్ను తిట్టుకునేవాడు. బతికుండేవాడు."

మొగుడు పోయిన రోజున కూడా ఏడవలేదని ఆమె గురించి ఊళ్లో అనుకున్నారు. పాత్రో అరుగు మీద, ముందుకి వంగిపోయి, ఏడ్చింది. ఆయన లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

అక్కణ్ణుంచి ఆమె తిన్నగా తులసీదాసు కొట్టుకి వచ్చింది. తెగిన పట్టీని బల్ల మీద పెట్టింది. అతను చూడకుండానే, "ఎన్ని కావాలమ్మా?" అన్నాడు.

ఆమె జరిగింది చెప్పింది. తులసీదాసు చెడ్డవాడేమీ కాదు, మొహం పాలిపోయింది. "నేను తయారుచేసేది కాదమ్మా. వచ్చిన సరుకు అమ్ముతాను. నేను అమ్మకపోతే పక్కకొట్టువాడు అమ్ముతాడు," అన్నాడు. అప్పటికే అక్కడ చంకలో మిషన్ పెట్టుకుని ఒకతను నిలబడున్నాడు. అంతా విన్నాడు.

"మరైతే అసలుదెక్కడ దొరుకుతాదమ్మా?" అని దమయంతినే అడిగాడు.

విశాఖలోనే దొరకలేదని ఆమె చెప్పింది. అతను "రేపు పనుంది," అని నేల చూపులు చూస్తూ ఆ పట్టీనే కొనుక్కుని పోయాడు.

మర్నాడు ఆమె ఆ కొట్టు ముందు మెట్టు మీద వచ్చి కూర్చుంది. గోనెసంచి పరిచి, దాని మీద నన్ను, నా మీద తెగిన పట్టీని పెట్టింది. మిషన్ పట్టుకుని వచ్చినవాడల్లా కనబడగానే, "బాబూ, ఒక్కమాట," అనేది. కొందరు ఆగేవారు, కొందరు విసుక్కునేవారు. తులసీదాసు మొదట లేచిపొమ్మన్నాడు. తర్వాత ఎండలో ఉందని గొడుగిచ్చాడు. పట్టీలు అమ్మడం మాత్రం ఆపలేదు.

ఎవరు చెప్పారో, ఒకరోజు పాత్రో కూడా డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆమె పక్కన కూర్చున్నాడు. వచ్చిన మిషన్‌నల్లా విప్పి బ్రేకు చూసేవాడు. పనికొచ్చేదైతే తుడిచి ఇచ్చేవాడు. పనికి రానిదైతే, "దీంతో కొయ్యకు," అనేవాడు.

"కొయ్యకపోతే నానేటి తినాల?" అని ఒకతను ఎదురుతిరిగాడు.

దమయంతి తన అన్నం గిన్నె మూత తీసి అతని వైపు జరిపింది. అతను తినలేదు. తిట్టుకుంటూ లేచాడు గాని, కొట్లోకి పోకుండా ఊరి బస్సెక్కాడు. ఆ రోజుకి మాట విన్నవాడు అతనొక్కడే.

విశాఖ నుంచి సామాన్లు ఇప్పటికీ రావడం లేదు. అందుకని పాత్రో, దమయంతిని అడిగి, నాలో బాగున్నవి తీసి కావాల్సినవాళ్లకి వేస్తున్నాడు. జల్లెడ సోంపేట మిషన్‌కి పోయింది. కార్బొరేటరు ఇచ్ఛాపురం పోయింది. తాడు, క్లచ్చు, నూనె పంపు, ఒక్కోటీ ఒక్కో తోటలో తిరుగుతున్నాయి. పొద్దున నన్ను మోసుకొచ్చేటప్పుడు దమయంతికి రోజురోజుకీ బరువు తగ్గుతోంది.

ఇక నాలో మిగిలింది ఒట్టి డొప్ప. ఉన్నదంతా ఇచ్చేశాను. మెట్టు దగ్గర ఆగిన మనుషులు మాత్రం నా లోపలికి తొంగిచూసి బ్రేకు పట్టీ ఉందా అని అడుగుతున్నారు. వచ్చినవాళ్లందరూ అడుగుతున్నది అదొక్కటే.