మిర్చి మీద నెపం

ఎనుమాముల మిర్చి యార్డులో దగ్గని మనిషి ఉండడు. బస్తా కదిలితే చాలు, కారం గాలిలోకి లేచి కళ్లలో, గొంతులో కూర్చుంటుంది. హమాలీలు మూతికి దస్తీ కట్టుకొని, తుమ్ముతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ పని చేస్తారు. అందుకే ఛాతీ పట్టేసినప్పుడు ఎల్లస్వామి అది మిర్చి ఘాటే అనుకున్నాడు. అట్లా అనుకోవడం తేలిక. అందరికీ ఉన్న బాధే తనకూ ఉంటే అదొక తోడు.

అతనికి వేరే తోడు లేదు. భార్య సారలమ్మ పోయింది. పిల్లలు కలగలేదు. యార్డు వెనక గల్లీలో, మేడ మీద ఒక అర్ర. పొద్దున తాళం వేస్తే చీకటి పడ్డాక తీయడమే. నడుమ ఉన్నదంతా ముఠా. కలిసి లారీలు నింపే ఆ హమాలీల ముఠాకు రాజమౌళి మేస్త్రీ.

ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. వీపు మీదికెక్కిన బస్తా లారీలోనే దిగాలి. నడుమ దించినవాడు అందరికీ చాయ్ తాగించాలి. చాయ్ ఎంత? దానితో వచ్చే నవ్వులాటే పెద్దది. ఒకసారి ఒక పడుచువాడు దించితే, "పెండ్లికొడుకా, పల్లకి తెప్పియ్యాల్నా?" అని ఎండాకాలమంతా ఏడిపించారు. ముసలివాడు దించితే మాత్రం రెండో రోజు నవ్వరు. మెల్లగా పక్కన పెడతారు. ఎల్లస్వామి అట్లా పక్కన పడ్డవాళ్లను చూసినవాడే.

బస్తాతో లారీకి ఆనించిన పలక ఎక్కేటప్పుడు రొమ్ము నడుమ ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టయ్యేది. ఎడమ భుజం లాగేది. దవడ బిగిసేది. పళ్లు కరచుకొని పైకెక్కి, లారీలో బస్తా దించి, తాడు సర్దుతున్నట్టు కాసేపు నిలబడేవాడు. అప్పుడు పట్టు వదిలేది.

"ఏందే ఎల్లన్నా, ఆ తాడుతోని సంసారం జేస్తానవా?" కింద నుంచి రాజమౌళి అరిచేవాడు.

"ఇయ్యాల మిర్చి మస్తు ఘాటున్నదిరా."

"నిన్నటి మాలే గదనే!"

అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు.

ఇంతలో మార్కెట్‌కు సెలవొచ్చింది. ఎల్లస్వామికి సెలవంటే గుబులు. వండుకున్నాడు, తిన్నాడు, గిన్నె కడిగాడు. ఇంకేం చేయాలో తోచక కిందికి దిగి, బోరు దగ్గర బిందె నింపి భుజానికెత్తుకున్నాడు. సగం మెట్లెక్కేసరికి అదే మోకాలు, అదే చోట అదిమింది. ఒళ్లంతా చెమట. బిందె దించి మెట్టు మీద కూలబడ్డాడు. ముక్కు ఎగబీల్చి చూశాడు. ఎవరో బట్టలు ఉతుకుతున్న సబ్బు వాసన. కారం జాడ లేదు.

కూర్చున్న కాసేపటికి నొప్పి పోయింది. పోయినందుకు సంతోషం కలగలేదు. ఇన్నాళ్లు మిర్చి మీద వేసిన నెపం కూడా దానితో పోయింది.

అర్ర కిరాయికిచ్చిన ఇంటామె యాకమ్మ చీపురు పట్టుకొని వచ్చింది. "ఏందన్నా, నడిమెట్ల మీద దర్బారు వెట్టినవ్?"

"ఏం లేదమ్మా. జర రొమ్ము పట్టింది."

"మొఖం సూడు, బూడిద పూసినట్టయింది. మా మరిది గూడ గ్యాసు గ్యాసు అనుకుంటనే పాయె. లెవ్వు, దవాఖానకు వో. నువ్వు వోకుంటె నేనే ఆటో పిలుస్త."

దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసుది. తీగలు అంటించి చూసింది, బీపీ చూసింది, బీడీల సంగతి అడిగింది. అతను మిర్చి సంగతి చెప్పాడు.

"ఘాటుకు దగ్గొస్తది, కండ్లల్ల నీళ్లొస్తయి. బరువెత్తితే పట్టుడు, ఆగితే ఇడుసుడు, గది గుండె పని పెద్దాయనా. గుండెకు రక్తం తెచ్చే నాళాలు సన్నవడ్డయి. పని ఎక్కువైతే రక్తం సాలక మొత్తుకుంటాంది. బీడీలు బంద్. ఉప్పు తగ్గియ్యి. బీపీ గోలి ఒక్కరోజు గూడ ఇడువద్దు. నాళాల పరీక్ష చెయ్యాలె, ఈ వారంల రా. అప్పటిదాక బస్తా ముట్టద్దు."

చిన్న గోలీలు చేతిలో పెట్టింది. "నొప్పొస్తే కూసోని ఇదొకటి నాలుక కింద వెట్టుకో. మింగకు. ఐదు నిమిషాలల్ల తగ్గకపోతే 108కు ఫోన్ చెయ్యాలె. గోలి ఏడున్నదో పక్కనోళ్లకు చెప్పి వెట్టు. నీ పక్కన ఎవరుంటరు?"

ఎల్లస్వామి ఆలోచించాడు. "ముఠా ఉన్నదమ్మా."

"అయితే వాళ్లకు చెప్పు."

చెబితే ముఠా ఉండదు. ఆ సంగతి ఆమెకెట్లా తెలుస్తుంది?

మరునాడు యార్డుకు పోలేదు. బీడీ కట్ట కాలువలో పారేశాడు. అది కష్టమనిపించలేదు. గోడలతో కూర్చోవడమే కష్టమైంది. యార్డులో లారీ హారన్ కొడితే ఇక్కడికి వినిపించేది. ఎవరో ఎవరినో పిలిచినట్టుండేది, పేరు మాత్రం తెలిసేది కాదు. రాత్రయ్యేసరికి, పొద్దటి నుంచి తాను ఒక్క మాట కూడా మాట్లాడలేదని గుర్తొచ్చింది. గట్టిగా దగ్గి తన గొంతు తానే విన్నాడు.

తెల్లవారి గోలీలు అంగీ జేబులో వేసుకొని యార్డుకు పోయాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఈసారి నొప్పి పలక దాకా ఆగలేదు. వీపు మీద బస్తాతో సగం దూరంలోనే పట్టుకుంది. బస్తా దించాడు.

"ఎల్లన్న దింపిండ్రో! చాయ్, చాయ్!" అని కేకలు లేచాయి.

అతను బస్తా మీద కూర్చొని, గోలి నాలుక కింద పెట్టుకొని, నోరు మూసుకున్నాడు.

"మాట్లాడడేందిరా? చాయ్ అనంగనే మూగోడయిండు!"

రాజమౌళి నవ్వుతూ దగ్గరికొచ్చి, వంగి ముఖం చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఏమాయెనే? ఘాటా?"

అవునంటే అయిపోయేది. నమ్మడానికి అందరూ సిద్ధంగానే ఉన్నారు. నాలుక కింద గోలి చురచురమంటూ కరుగుతోంది.

"ఘాటు గాదు రాజమౌళీ. గుండె. డాక్టరమ్మ బస్తా ముట్టద్దన్నది."

"మరెందుకు ముట్టినవే?"

"ఒక్కణ్నే అర్రల కూసోలేక."

రాజమౌళి అతని పక్కన కూర్చొని, "తగ్గిందా?" అన్నాడు.

"తగ్గుతలేదు. 108కు ఫోన్ చెయ్యమన్నది."

అంబులెన్సులో రాజమౌళి తోడు వచ్చాడు. దవాఖానలో మంచం మీద పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చారు, ఛాతీకి తీగలు తగిలించారు. రాజమౌళి గుమ్మం దగ్గర గోడకానుకొని నిలబడ్డాడు. అతని ఫోన్ మోగుతూనే ఉంది. హమాలీల గొంతు ఫోన్లో కూడా చిన్నది కాదు.

"అన్నా, లారీ ఆగింది. ఎల్లన్న జాగల ఇంకొకణ్ని వెట్టాల్నా?"

రాజమౌళి మంచం వైపు చూడలేదు. గోడ వైపు తిరిగాడు. "వెట్టుండ్రి," అన్నాడు నెమ్మదిగా.

ఎల్లస్వామి విన్నాడు. కోపం రాలేదు. తానైనా అదే చెప్పేవాడు. దేనికి భయపడి ఇన్నాళ్లు పళ్లు బిగబట్టాడో అది జరిగిపోయింది, ఒక్క మాటలో.

నర్సు వచ్చి వంగింది. "బాబాయ్, ఇప్పుడు నొప్పెట్లున్నది? తగ్గిందా?"

ఏం లేదు అనడం అతనికి అలవాటు. ఆ మాట నోటి దాకా వచ్చింది. చేయి ఎత్తి రొమ్ము నడుమ పెట్టి చూపించాడు.

"ఉన్నది బిడ్డా. గీడ. ఇంక జరంత ఉన్నది."

ఆమె డాక్టరు కోసం గబగబా వెళ్లింది. రాజమౌళి ఇంకా ఫోన్లోనే ఉన్నాడు.