హెడ్విగ్ చెట్టు

ఒక్క నిమిషం ఆగండి, ఇది వినండి! హెసెన్ ప్రాంతంలో, చెట్ల కింద అస్థికలు పాతే అడవి శ్మశానంలో ఓట్‌మార్ తన భార్య హెడ్విగ్ చితాభస్మాన్ని బీచ్ అనే జాతి అడవి చెట్టు మొదట్లో పాతిపెట్టించాడు. ఆమె చివరిదాకా ఓక్ చెట్టే కావాలంది. అతను వినలేదు.

ఈ రోజు అటవీ అధికారిణి యూటా ఆ బీచ్ మాను తొలిచి, పుల్లంత సన్నటి చెక్క ముక్క బయటికి తీసింది.

"చూడండి ఓట్‌మార్ గారూ, ఏటా ఒకటి పడే వలయాల్లో పాతవి గోధుమ గింజంత మందం. 2018 కరువు నుంచి వెంట్రుకంతే. రెండేళ్లుగా అసలే లేవు. చెట్టు పోయినట్టే."

"మరి ఓక్‌లు?"

"వాటికేం, దుక్కల్లా ఉన్నాయి. మీ ఆవిడ తెలివైంది."

"నేను మొండివెధవననేగా?"

"నేనన్లేదు, మీరే అన్నారు. కొట్టేయమంటారా? కొట్టేస్తే మిగిలిన మొద్దు దగ్గరికి మీరు రావచ్చు. వద్దంటే చెట్టు ఉంటుంది, కానీ కొమ్మలు విరిగిపడతాయని దారి మూసేస్తాం. బూడిద మాత్రం తవ్వి ఇంకో చెట్టు కిందికి మార్చనివ్వం."

ఓట్‌మార్ మాను మీది హెడ్విగ్ పేరు పలక తుడిచాడు. మీరైతే ఏం చెప్పేవారు?